వేలు చూశాం, నోరు చూడలేదు



శృంగవరపుకోటలో నేను రోగుల్ని చూసే గది బస్టాండుకి నాలుగంగల దూరం. పొద్దున్న ఏడయ్యేసరికి షుగరు వాళ్ళు పరగడుపున వచ్చి బల్లల మీద కూర్చుని ఉంటారు. వేపాడ, లక్కవరపుకోట, జామి వైపు నుంచి మొదటి బస్సుకి వచ్చినవాళ్ళు కొందరు, అనంతగిరి కొండ దిగి ఆటోల్లో వచ్చినవాళ్ళు కొందరు. ఒక్కొక్కరి చేతిలో ఒక కవరు. అందులో మందుల అట్టలు, మడతల దగ్గర చిరిగిన పాత చీటీలు, రక్తం ఇచ్చాక తినడానికి ఇడ్లీ పొట్లమో చద్దన్నం డబ్బానో. వేలు చాపుతారు. సూది గుచ్చుతాం. చుక్క రక్తం పట్టీకి అంటిస్తాం. అయిదు సెకన్లలో అంకె వచ్చేస్తుంది. ఆ అంకె విని కొందరు నవ్వుతారు, కొందరు తల దించుకుంటారు.

ఆ వరసలో నాలుగేళ్ళుగా నెల తప్పకుండా వచ్చే మామ్మ ఒకావిడ ఉండేది. పుణ్యగిరి వైపు పల్లె. వయసెంత అంటే "నీకెంత తోస్తే అంత రాసుకో బావూ" అనేది. నేను అరవై రెండు అని రాసుకున్నాను. షుగరు అదుపులోనే ఉండేది. ఒకసారి వచ్చి, "కారం తినలేకపోతన్నాను బావూ, నోరు మండిపోతంది" అంది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళలో బి12 విటమిన్ తగ్గుతుంది, అది తగ్గితే నోరు మండడమూ ఉంది. ఆ లెక్కన బి కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపాను. మరుసటి నెలా అదే మాట, అవే మాత్రలు. మూడో నెల ఆవిడతో మనవరాలు వచ్చింది. నర్సు చదువుతున్న పిల్ల. "ఒకసారి టార్చి వేసి చూడండి సార్" అంది, కాస్త భయపడుతూనే.

చూశాను. అంగిలి అంతా పాత గోడకి సున్నం పొరలు లేచినట్టు తెల్లగా, ముడతలుగా ఉంది. మధ్యలో ఎర్రటి చుక్కలు. ఎడమ పక్క పైపళ్ళ వెనకాల బఠాణీగింజంత పుండు.

"చుట్ట తాగుతావా మామ్మా?"

"తాగుతాను బావూ. అడ్డపొగే, నిప్పు నోట్లో ఎట్టుకుని."

"నాలుగేళ్ళ నుంచి వస్తున్నావు, ఒక్కసారీ చెప్పలేదేం?"

"నువ్వడిగితే గదా. నెల నెలా ఏలు సూశావు గాని, నోరు సూశావేటి?"

ముక్క తీసి విశాఖపట్నం పంపాం. కేన్సరే. మొదటి దశలో ఉంది, అదొక్కటే అదృష్టం. ఈ సంగతి మళ్ళీ చివర్లో చెబుతాను. ఆ మామ్మ అడిగిన ప్రశ్న మాత్రం ఈ ప్రసంగం మొత్తానికీ కారణం. షుగరు ఉన్న మనిషిని మేం నెలకోసారి చూస్తాం. ఊళ్ళో మరే మనిషీ ఇంత క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి రాడు. అలాంటిది, వేలు దాటి మా చూపు వెళ్ళదు. కళ్ళు చూపించుకోమంటాం, పాదాలు జాగ్రత్త అంటాం, కిడ్నీ పరీక్ష రాస్తాం. కేన్సర్ మాట మాత్రం ఎత్తం. అదేదో వేరే గదిలో, వేరే డాక్టరు చూసే జబ్బు అన్నట్టు.

కానీ ఈ రెండు జబ్బులూ అంత వేరు కావు.

2010లో అమెరికా డయాబెటిస్ సంఘం, అమెరికా కేన్సర్ సొసైటీ నిపుణులు కలిసి కూర్చుని, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి ఒక నివేదిక ఇచ్చారు. పెద్ద వయసులో వచ్చే మామూలు షుగరు, అంటే టైప్ 2 ఉన్నవాళ్ళలో లివరు, క్లోమం, గర్భసంచి లోపలి పొర, ఈ మూడు చోట్లా కేన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే రెండింతలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ ఉందన్నారు. పెద్దపేగు, రొమ్ము, మూత్రాశయం కేన్సర్లు కూడా కొంత ఎక్కువే. విచిత్రం ఏమిటంటే, మగవాళ్ళకి వచ్చే ప్రోస్టేటు కేన్సర్ మాత్రం షుగరు వాళ్ళలో తక్కువ. 2018లో సుమారు రెండు కోట్ల మంది వివరాలు కలిపి చూసిన మరో పెద్ద లెక్క వచ్చింది. షుగరున్న మగవాళ్ళలో అన్ని కేన్సర్లూ కలిపి 19 శాతం, ఆడవాళ్ళలో 27 శాతం ఎక్కువని అది తేల్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 27 శాతం అనగానే షుగరున్న ప్రతి వందమంది ఆడవాళ్ళలో 27 మందికి కేన్సర్ వస్తుందని లెక్క కట్టేసుకుని ఇవాళ రాత్రి నిద్ర మానకండి. షుగరు లేని వెయ్యిమందిలో, మాటవరసకి, వంద మందికి జీవితకాలంలో కేన్సర్ వస్తుందనుకుందాం. షుగరున్న వెయ్యిమందిలో అది నూట ఇరవై ఏడు మందికి వస్తుందన్నమాట. ఒక మనిషికైతే ఇది పెద్ద తేడా కాదు. దేశానికి పెద్దదే. 2023లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల 10 లక్షలు. దాని అంచుల్లో ఉన్నవాళ్ళు మరో 13 కోట్ల 60 లక్షలు. అంతమంది మీద ఆ చిన్న తేడాని గుణిస్తే ఎన్ని ఇళ్ళవుతాయో మీరే ఊహించుకోండి.

అసలు ఎందుకు ఎక్కువ? మన పొలాల భాషలో చెబుతాను. చెరుకు తోటకి యూరియా వేస్తాం. చెరుకుతో పాటు కలుపూ ఏపుగా లేస్తుంది. యూరియా కలుపు విత్తనం చల్లలేదు. ఉన్నదాన్ని పెంచింది, అంతే. ఒంట్లో ఆ యూరియా పని చేసేది చాలావరకు ఇన్సులిన్. టైప్ 2 షుగరులో ఇన్సులిన్ లేకపోవడం కాదు మొదటి చిక్కు. ఉన్న ఇన్సులిన్ మాట కండరాలూ లివరూ వినవు. వినడం లేదని క్లోమం ఇంకా ఇంకా పోస్తుంది. షుగరు బయటపడడానికి చాలా ఏళ్ళ ముందు నుంచే రక్తంలో ఇన్సులిన్ పొంగి పొర్లుతూ ఉంటుంది. ఇన్సులిన్ అంటే చక్కెరని లోపలికి తోసే హార్మోను మాత్రమే కాదు, కణాల్ని పెరగమని ఉసిగొల్పే హార్మోను కూడా. కండరం వినకపోయినా, దారి తప్పిన కణం ఆ మాట చక్కగా వింటుంది. దీనికి తోడు పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు లోపల్లోపల నిప్పు రాజేస్తూ ఉంటుంది. ఆ సన్నని వాపు ఏళ్ళ తరబడి ఉంటే కణాలు చెడిపోయే అవకాశం పెరుగుతుంది.

మరి కలుపు విత్తనం చల్లేదెవరు? వయసు కొంత. పొగాకు, సారా, కొన్ని వైరస్‌లు కొంత. కొన్నిసార్లు ఏ కారణమూ దొరకదు. షుగరు, కేన్సర్ రెండూ ఒకే మనిషిలో కనిపించడానికి ఇంకో మామూలు కారణం ఉంది. లావు, కదలని ఒళ్ళు, చుట్ట, సిగరెట్టు, మందు, ఇవి రెండింటికీ ఉమ్మడి ఆస్తి. పొగ తాగేవాళ్ళకి షుగరు వచ్చే అవకాశం తాగనివాళ్ళకంటే 30 నుంచి 40 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2014లోనే చెప్పింది. చుట్ట ఊపిరితిత్తులకి, నోటికి చేటని తెలిసినవాళ్ళకి కూడా షుగరుకీ దానికీ సంబంధం ఉందంటే ఆశ్చర్యమే.

ఇక్కడే ఒక అపోహ తొలగాలి. కేన్సర్ కణాలు చక్కెరని ఆబగా తింటాయన్న మాట నిజమే. జర్మనీ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలోనే దాన్ని చూశాడు. ఇవాళ పెద్దాసుపత్రుల్లో తీసే పెట్ స్కాన్ ఆ గుణం మీదే నడుస్తుంది. కాస్త రేడియో ధార్మికత అంటించిన చక్కెర లాంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు. గంట సేపు కదలకుండా పడుకోబెడతారు. కేన్సర్ ఉన్నచోట ఆ పదార్థం ఎక్కువగా చేరి స్కాన్‌లో దీపంలా వెలుగుతుంది. ఆ స్కాన్‌కి వెళ్ళేముందు షుగరు వాళ్ళకి ముందుగా వేలు గుచ్చి చూస్తారు. రెండు వందలు దాటితే చాలాచోట్ల ఆ రోజుకి స్కాన్ వాయిదా. రక్తంలో మామూలు చక్కెర నిండి ఉంటే, ఎక్కించిన దానికి కణంలోకి చోటు దొరకదు కాబట్టి. శృంగవరపుకోట నుంచి తెల్లవారుజామున బయలుదేరి, ఖాళీ కడుపుతో విశాఖ చేరి, షుగరు ఎక్కువుందని వెనక్కి వచ్చినవాళ్ళని చూశాను. అలాంటి స్కాన్ రాశారంటే అంతకుముందు వారం రోజులూ షుగరు అదుపులో పెట్టుకుని వెళ్ళండి. మెట్‌ఫార్మిన్ వేసుకోవాలా ఆపాలా అని వాళ్ళనే ముందుగా ఫోన్‌లో అడగండి.

అయితే దీన్నుంచి "తీపి మానేస్తే కేన్సర్ మాడి చస్తుంది" అని తీర్మానించేవాళ్ళు ఉన్నారు. చావదు. మీరు గింజ తీపి తినకపోయినా లివరే చక్కెర తయారుచేసి రక్తంలో పోస్తుంది, మెదడు బతకాలి కదా. కేన్సర్ వైద్యం జరుగుతున్న మనిషిని అన్నం మాన్పించి మాడిస్తే జబ్బు కాదు, మనిషే ముందు కరిగిపోతాడు. ఇంకో రకం అపోహ మన ప్రాంతానిది ప్రత్యేకంగా. పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఉన్న పాపానికి, "పంచదార కాదు సార్, బెల్లమే వేసుకుంటన్నాను" అంటారు. రక్తానికి ఆ తేడా తెలీదు. చోడి అంబలి మంచిదే, తెల్లన్నం కంటే నయమే. కానీ చెంబుడు తాగితే చెంబుడు పిండి తాగినట్టే.

ఇప్పుడు ఆడవాళ్ళతో ఒక మాట. రేడియో పక్కన మగవాళ్ళున్నా ఫరవాలేదు, వాళ్ళూ వినాలి. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ ఎర్రబట్ట కనిపిస్తే, ఒక్క చుక్క అయినా సరే, అది నెలసరి తిరిగి రావడం కాదు. ఒంట్లో వేడి చేయడమూ కాదు. నా దగ్గరికి ఏడాది పాటు షుగరు కోసం వస్తూ, ఆ విషయం మాత్రం కోడలికి కూడా చెప్పకుండా దాచిన ఆవిడ ఉంది. సిగ్గు. "ఈ వయసులో ఇదేటి" అన్న సిగ్గు. ముట్లు ఆగాక అండాశయాలు హార్మోన్లు తయారుచేయడం దాదాపు మానేస్తాయి గానీ, ఒంట్లో కొవ్వు మాత్రం ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటుంది. లావు ఎక్కువైతే అదీ ఎక్కువ. దాన్ని అదుపు చేసే రెండో హార్మోను ఉండదు. గర్భసంచి లోపలి పొర ఆపేవాళ్ళు లేక పెరుగుతుంది. పైనుంచి ఇన్సులిన్ యూరియా. షుగరూ, లావూ, బీపీ మూడూ ఉన్న ఆవిడకి ఎర్రబట్ట కనిపించిందంటే ఆ వారంలోనే స్కాన్, అవసరమైతే పొర పరీక్ష చేయించాలి. గర్భసంచి పొర కేన్సర్‌లో ఉన్న మంచి గుణం ఒకటే: అది ముందే కేకేస్తుంది. మొదట్లో పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

ఇది విని ఎవరూ ముందు జాగ్రత్త పేరుతో గర్భసంచి తీయించేసుకోవడానికి బయలుదేరవద్దు. ఆ పని మన రాష్ట్రంలో ఇప్పటికే ఎక్కువ జరుగుతోంది. నడివయసు లోపే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. నాకు అది సిగ్గుపడాల్సిన లెక్కగానే కనిపిస్తుంది. నేను చెప్పేది కోయించుకోమని కాదు, చూపించుకోమని.

క్లోమం సంగతి వేరు. అక్కడ కథ తిరగబడుతుంది. షుగరు వల్ల కేన్సర్ కాకుండా, కేన్సర్ వల్ల షుగరు రావచ్చు. యాభై దాటిన మనిషి. లావు కాదు. ఇంట్లో అమ్మానాన్నలకి షుగరు లేదు. నిన్నటిదాకా మామూలుగా ఉన్నవాడికి హఠాత్తుగా మూడు వందలు. లుంగీ వదులైపోతోంది, ఆకలి లేదు, నడుములోంచి కడుపులోకి సన్నని నొప్పి. అలాంటి మనిషికి మాత్రలు రాసి పంపేస్తే సరిపోదు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు, యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చిన 2,122 మందిని మూడేళ్ళు గమనించి 2005లో లెక్క చెప్పారు. వాళ్ళలో 18 మందికి క్లోమం కేన్సర్ బయటపడింది. నూటికి ఒకరు కూడా కాదు. అందుకని కొత్త షుగరు వచ్చిన ప్రతివారికీ స్కాన్ రాయడం తెలివి కాదు, డబ్బు దండగ. కానీ కొత్త షుగరుతో పాటు బరువు తగ్గుతున్నవాళ్ళని వదలకూడదు. "షుగరొచ్చింది కదా, సన్నబడతారులే" అని ఇంట్లోవాళ్ళు సర్దిచెప్పుకుంటారు. మేమూ అంతే. ఆ సర్దుబాటులోనే నెలలు పోతాయి.

లివరు గురించి క్లుప్తంగా. "నేను మందు ముట్టను, నాకు లివరు జబ్బేంటి" అనకండి. షుగరున్నవాళ్ళలో చాలామందికి లివరులో కొవ్వు ఉంటుంది. అది కొందరిలో గట్టిపడి, ఆ గట్టిపడిన లివరులో కేన్సర్ పుడుతుంది. దీనికి తోడు సాయంత్రానికి సీసా ఉంటే చెప్పక్కర్లేదు. హెపటైటిస్ బి టీకా వేయించుకోని పెద్దవాళ్ళు షుగరు ఉంటే డాక్టరుని అడిగి వేయించుకోవడం మంచిది.

ఇక మందుల భయం. నిజం చెప్పాలంటే నాకు కేన్సర్ కంటే దీనితోనే ఎక్కువ తలనొప్పి. వాట్సాప్‌లో ఏదో వస్తుంది, మర్నాడు పదిమంది మాత్రలు మానేస్తారు. 2009లో గ్లార్జిన్ అనే ఇన్సులిన్ వల్ల కేన్సర్ వస్తుందేమోనని యూరప్‌లో గగ్గోలు లేచింది. తర్వాత 12,537 మంది మీద ఆరేళ్ళకి పైగా జరిపిన పరీక్ష ఫలితం 2012లో వచ్చింది. ఆ ఇన్సులిన్ వాడినవాళ్ళలో కేన్సర్లు పెరగలేదు. ఒంట్లో ఇన్సులిన్ పొర్లుతుంటే చెడు అని ఇందాక చెప్పి, ఇప్పుడు సూది వేసుకోమంటారేమిటి అని ఎవరైనా అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. క్లోమం అలిసిపోయాక లేనిదాన్ని భర్తీ చేయడం ఒకటి, ఉన్నది మాట వినక పొంగిపోవడం ఒకటి. పైగా నాలుగు వందల షుగరుతో ఊరేగే మనిషికి రేపటి కేన్సర్ కాదు, ఈ నెల కాలి పుండే శత్రువు.

పయోగ్లిటాజోన్ అనే మాత్ర సంగతి మాత్రం పూర్తిగా పుకారు కాదు. మూత్రాశయం కేన్సర్ అనుమానం మీద 2013 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దాని అమ్మకాన్ని నిలిపేసింది. జూలై ఆఖరున హెచ్చరిక ముద్రించే షరతు పెట్టి తిరిగి అనుమతించింది. ఆ మాత్ర వాడేవాళ్ళు, ముఖ్యంగా మూత్రంలో ఎప్పుడైనా రక్తం చూసినవాళ్ళు, డాక్టరుకి ఆ మాట చెప్పాలి. మీ అంతట మీరు మానేయకండి.

మరోవైపు మెట్‌ఫార్మిన్ అంటే అతిగా మురిసినవాళ్ళున్నారు. 2005లో స్కాట్లండ్‌లో డండీ నగరం వైద్యులు, ఈ మాత్ర వాడే షుగరు రోగుల్లో కేన్సర్లు తక్కువగా కనిపిస్తున్నాయన్నారు. ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. రూపాయో రెండ్రూపాయలో పెడితే దొరికే మాత్ర కేన్సర్‌ని ఆపేస్తే అంతకంటే ఏం కావాలి? ఆఖరికి షుగరు లేని 3,649 మంది రొమ్ము కేన్సర్ రోగులకి సగం మందికి ఈ మాత్ర, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా అది ఆపలేకపోయింది. షుగరుకి అది మంచి మందు. కేన్సర్‌కి రక్షరేకు కాదు.

కేన్సర్ వచ్చాక షుగరు గతేమిటన్నది ఎవరూ పట్టించుకోని మూల. కీమో మందులతో పాటు వాంతులు రాకుండా, ఎలర్జీ రాకుండా స్టీరాయిడు ఇస్తారు. అది ఇచ్చిన రెండు మూడు రోజులు షుగరు కొండెక్కుతుంది. మా దగ్గరికి అలా వచ్చినవాళ్ళు, "కీమో పడలేదు సార్, ఒళ్ళు తూలిపోతంది, దాహం" అంటారు. చూస్తే నాలుగు వందల యాభై. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఆ రోజుల్లో రోజుకి రెండు మూడుసార్లు చూసుకుని, పెరిగితే ఫోన్ చేయాలి. అరికాళ్ళు తిమ్మిరెక్కే షుగరువాళ్ళు కీమో మొదలుపెట్టే ముందే ఆ మాట చెప్పాలి. కొన్ని కీమో మందులూ నరాల్ని అలాగే దెబ్బతీస్తాయి. రెండూ కలిస్తే చెప్పులు జారిపోయినా తెలీదు.

మళ్ళీ చుట్ట దగ్గరికి వద్దాం. అడ్డపొగ అంటే బయటి ఊళ్ళవాళ్ళకి చెప్పినా నమ్మరు. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, పొగ లాగడం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్ళకి ఇది తల్లి నుంచి కూతురికి వచ్చిన అలవాటు. చంటిపిల్ల మీద నుసి పడదు, గాలికి నిప్పు ఆరదు, నాట్లు వేస్తూ రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవచ్చు, ఇలా ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. నిప్పు తగిలే చోటు అంగిలి. అందుకే లోకంలో అరుదైన అంగిటి కేన్సర్ మన దగ్గర అరుదు కాదు. 1957లోనే డి.జి.రెడ్డి, వి.కె.రావు అనే వైద్యులు దీని గురించి వైద్య పత్రికలో రాశారు. తర్వాత డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు తెరిపించి చూసింది. వాళ్ళు చూసినవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. 1971లో ఆ ఫలితాలు ఇంగ్లండ్ పత్రికలో అచ్చయ్యాయి. మన మామ్మల నోళ్ళ గురించి లండన్‌లో చదివారు. మేం ఇక్కడ వేళ్ళు చూస్తూ కూర్చున్నాం.

ఆ బృందమే తర్వాత శ్రీకాకుళంతో పాటు కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాలు కూడా కలుపుకుని, 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళకి పనిగట్టుకుని చెప్పి చూసింది. చెబితే మానేవాళ్ళు ఉంటారనీ, మానితే నోట్లో మచ్చలు తగ్గుతాయనీ తేలింది. అందుకే "ఈ వయసులో మానేం చేస్తాను" అనే మాటకి నేను ఒప్పుకోను.

అంగిటి కేన్సర్‌కి షుగరు కారణమని నేను అనడం లేదు. చుట్టే కారణం. నోటి కేన్సర్‌కీ షుగరుకీ మధ్య సంబంధం ఉన్నా అది స్వల్పం. కానీ షుగరున్న నోరు తొందరగా ఎండుతుంది, చిగుళ్ళు చెడతాయి, పుండు మానదు. మానని పుండుని "షుగరు పుండులే" అని తోసేయడం ఉంది చూశారూ, అదే ప్రమాదం. మూడు వారాలు దాటి మానని నోటి పుండు షుగరుదని ఇంట్లో మీరే తేల్చేసుకోకండి.

వేలుతో పాటు నోరూ చూడాలన్నది నా ఒక్కడి మాట కాదు. 2010లో కేంద్రం మొదలుపెట్టినప్పుడు జాతీయ కార్యక్రమం పేరులోనే కేన్సర్, డయాబెటిస్, గుండె జబ్బులు, పక్షవాతం పక్కపక్కన ఉండేవి. ముప్ఫై దాటిన వాళ్ళకి బీపీ, షుగరుతో పాటు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం కూడా చూడాలన్నది అందులో పద్ధతి. మీ గుమ్మంలోకి ఏఎన్ఎం, ఆశా వచ్చి అడిగేది అందుకే. బీపీ పట్టీ కట్టించుకుని, వేలు ఇచ్చి, రొమ్ము మాట రాగానే "మాకేటీ లేదమ్మా" అని తలుపు వేసేస్తారని వాళ్ళు నాతో చెప్పుకుంటారు. తలుపు వేయకండి. అనుమానం తేలితే విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద కేన్సర్ వైద్యానికి అవకాశం ఉంది. శృంగవరపుకోట నుంచి అగనంపూడి దూరమే, రెండు బస్సులు మారాలి. కానీ ముదిరాక తిరిగే తిరుగుళ్ళు అంతకంటే ఎక్కువ.

మామ్మ సంగతి చెబుతానన్నాను. అంగిట్లో కొంత భాగం తీసేశారు. ఆ ఖాళీని మూయడానికి పళ్ళసెట్టు లాంటి పలక ఒకటి చేసి ఇచ్చారు. అది పెట్టుకుంటేనే మాట స్పష్టంగా వస్తుంది, నీళ్ళు ముక్కులోకి పోవు. అన్నం తిన్నాక తీసి కడిగి మళ్ళీ పెట్టుకుంటుంది. చుట్ట మానేసింది. మానేసిందని ఆవిడ చెప్పడమే కాదు, మనవరాలూ చెప్పింది, కాబట్టి నమ్ముతున్నాను. నెల నెలా వస్తోంది. కుర్చీలో కూర్చుంటూనే ముందు నోరు తెరుస్తుంది, తర్వాతే వేలు చాపుతుంది. నా బల్ల మీద గ్లూకోమీటరు పక్కన టార్చిలైటు ఒకటి పెట్టుకున్నాను.

మీరూ ఈసారి షుగరు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, "డాక్టరుగారూ, ఒకసారి నోరు కూడా చూడండి" అనండి. చుట్ట తాగితే తాగుతానని చెప్పండి. బరువు తగ్గుతుంటే, ఎర్రబట్ట కనబడితే, రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, దొడ్డికి వెళ్ళినప్పుడు నెత్తురు పడితే, అడగకపోయినా చెప్పండి. డాక్టరుగారు విసుక్కుంటే రేడియోలో చెప్పారని నా మీద వేసేయండి.